పాత ట్రక్కులో చల్లని గాలి

ఏండ్ల తరబడి ఎ.సి. వాడని పాత ట్రక్కులో చల్లగాలి రాకపోతే, గ్యాసు అయిపోయిందని, నింపితే చాలునని పలువురు తలుస్తారు. ఇది పొరపాటు. మూసిన గొట్టాలలో తిరిగే గ్యాసు వాడకం వల్ల ఖర్చు కాదు. అది తగ్గినదంటే ఎక్కడో కారిపోయినదని అర్థం.

కంప్రెసర్ చాలకాలం తిరగకపోతే నూనె అందక దాని సీలు ఎండిపోతుంది. అతుకుల వద్ద రబ్బరు వలయాలు బిరుసెక్కుతాయి. ఆ సందులగుండా గ్యాసు వెలికిపోగా, తేమ లోనికి చేరుతుంది. ఈ తేమయే అసలు శత్రువు. అది వాల్వు వద్ద మంచుగా గడ్డకట్టి దారిని మూస్తుంది. గ్యాసుతో కలిసి ఆమ్లమై లోహాన్ని తినివేస్తుంది.

కావున మొదట మిగిలిన గ్యాసును సిలిండరులోనికి తీయించాలి. పిదప నత్రజని నింపి, అతుకులపై సబ్బునీరు పూస్తే బుడగలే రంధ్రాన్ని చూపుతాయి. పాడైన సీళ్లను, వలయాలను, తేమను పీల్చే డ్రైయరును మార్చాలి. తరువాత వాక్యూమ్ పంపుతో గాలిని తీసివేయాలి. పాదరస మట్టం 24 మిల్లీమీటర్ల కంటె తక్కువ ఒత్తిడిలో నీరు 25 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరిగి ఆవిరై వెలికిపోతుంది. పంపు ఆపిన పిమ్మట ముల్లు కదలకుండ నిలిస్తేనే గ్యాసు నింపాలి.

1990కి పూర్వపు బండ్లలో సాధారణంగా ఉండేది ఆర్-12. అది ఓజోన్ పొరను హరిస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం మేరకు వర్ధమాన దేశాలు సైతం 2010 నాటికి దాని తయారీని నిలుపవలసి వచ్చింది. దాని స్థానంలో ఆర్-134ఎ వాడేటపుడు పాత నూనె పనికిరాదు. తగిన నూనెనే పోయాలి.

రంధ్రాన్ని పూడ్చక గ్యాసు నింపేవాడు తన ధనాన్నే గాక, అందరి ఆకాశాన్నీ నష్టపరుస్తున్నాడు.