మంచినీళ్ళు అడిగే ప్రయాణం

వారానికి అయిదు రోజులు, రోజుకు 70 కిలోమీటర్ల చొప్పున తొక్కితే ఏడాదికి 18 వేల కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. జెట్ విమానం ఆ దూరాన్ని 20 గంటల్లో దాటేస్తుంది. ఒక్క రోజులో తెమిలే పనికి ఏడాది వెచ్చించి, ఎండకీ మంచుకీ ఓర్చి, దేశం కాని దేశాల్లో సైకిలు తొక్కి వచ్చినవాళ్ళని అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏం సాధించారు? కాళ్ళకు బలం, మనసుకు ధైర్యం, చెప్పుకోవడానికో రికార్డు అన్నవి సులువుగా దొరికే జవాబులు. అవి అబద్ధాలు కావు. కానీ ఈ యాత్రలు చేసినవాళ్ళ అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించే అసలు లాభం వేరు. సైకిలు మనిషికి అడగక తప్పని స్థితి తెస్తుంది. నీళ్ళు అడగాలి, దారి అడగాలి, రాత్రికి ఇంత నీడ అడగాలి. అలా ఏడాది పొడవునా అడిగి పుచ్చుకున్నవాడికి ప్రపంచం గురించి తెలిసేది, అన్నీ డబ్బిచ్చి కొనుక్కున్నవాడికి తెలియదు.

దీనికి కారణం సైకిలు తీరులోనే ఉంది. నడిచే మనిషి కన్నా మూడు నాలుగు రెట్లు వేగంగా, అయిదో వంతు శక్తితోనే సైకిలు మీద వెళ్ళవచ్చని సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ 1970లలో రాశాడు. ఇంత పొదుపైన వాహనానికి ఉన్న లోటల్లా బరువు. గుడారం, బట్టలు, పనిముట్లు వేసుకున్నాక ఎండాకాలంలో ఒకటి రెండు రోజులకు మించి నీళ్ళు మోయడం కష్టం. పొద్దుగూకే వేళకు పేరున్న పట్టణం చేరుతామన్న నమ్మకం లేదు. బస్సులో, రైల్లో వెళ్ళేవాళ్ళు యాత్రికుల కోసం సిద్ధంగా ఉన్న ఊళ్ళలో దిగుతారు. అక్కడ వాళ్ళకి ఎదురయ్యేది హోటలువాడు, గైడు, టాక్సీవాడు. సైకిలు మనిషి రెండు పేరున్న ఊళ్ళ మధ్య ఉన్న పేరు తెలియని ఊళ్ళో ఆగుతాడు. అక్కడ కలిసేది గొర్రెలు కాసేవాడు, బడిపంతులు, లారీ డ్రైవరు. దూరాలు తిరిగినవాళ్ళలో చాలామంది తేలికపాటి అల్యూమినియం ఫ్రేము వదిలి బరువైన ఉక్కు ఫ్రేమునే ఎంచుకుంటారు. అది విరిగితే ఏ పల్లెలోనైనా వెల్డింగు చేసేవాడు అతికించగలడు. అంటే బయలుదేరక ముందే, ముక్కూ మొహం తెలియని ఒక వెల్డరు సాయాన్ని లెక్కలో వేసుకున్నారన్నమాట.

ఇలా ఊరూరా ఆగుతూ లోకాన్ని తెలుసుకోవడం మనకు కొత్త సంగతి కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరి, కాశీ చూసి, 15 నెలలకు తిరిగి వచ్చారు. పల్లకీలో, పరివారంతో సాగిన ఆ యాత్రకూ ఒంటరి సైకిలు యాత్రకూ పోలిక తక్కువే. అయినా ‘కాశీయాత్ర చరిత్ర’లో దారి ఎలా ఉందో, నీళ్ళ వసతి ఏమిటో, అంగళ్ళు ఉన్నాయో లేవో మజిలీ మజిలీకీ రాయగలిగారంటే, ఆ ఊళ్ళలో ఆగవలసి రావడమే కారణం. ఆగని ఊరి గురించి ఎవరూ అలా రాయలేరు.

సైకిలు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. థామస్ స్టీవెన్స్ 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి, ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉండే పాతకాలపు సైకిలు మీద బయలుదేరాడు. ఐరోపా, టర్కీ, పర్షియా, హిందుస్థాన్, చైనా చూసుకుని 1886 డిసెంబరులో జపాన్‌లోని యొకొహామా చేరాడు. టెహ్రాన్‌లో చలికాలమంతా అతనికి పర్షియా రాజు షా ఆతిథ్యం దొరికింది. ఫ్రెంచివారితో జరిగిన యుద్ధం వల్ల విదేశీయుల మీద కోపంగా ఉన్న చైనా జనం మీద పడినప్పుడు కాపాడినవాడు స్థానిక అధికారి. మన దేశం నుంచి 1923 అక్టోబరులో ఆరుగురు పార్సీ యువకులు బొంబాయి వదిలి ప్రపంచయాత్రకు బయలుదేరారు. వాళ్ళలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురే దాదాపు 71 వేల కిలోమీటర్లు పూర్తి చేసి, 1928 మార్చిలో తిరిగి వచ్చారు. నాలుగున్నర ఏళ్ళ పాటు దారి పొడవునా జనం అన్నం పెట్టకపోతే, దారి చూపకపోతే, చోటు ఇవ్వకపోతే ఆ యాత్ర లేదు.

ఐర్లండుకు చెందిన డెర్వ్లా మర్ఫీ కథలో ఈ మాట ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. పదేళ్ళప్పుడు పుట్టినరోజు కానుకగా ఒక సైకిలు, ఒక అట్లాసు అందుకున్న ఆమె, 31 ఏళ్ళ వయసులో 1963 జనవరి మంచులో ఒంటరిగా బయలుదేరి ఢిల్లీ చేరారు. ఆ ప్రయాణంలో ఆమెకు తగిలిన పెద్ద దెబ్బ సైకిలు మీద తగిలింది కాదు. అఫ్గానిస్థాన్‌లో బస్సెక్కినప్పుడు, ఎవరి తగాదాలోనో తుపాకీ మడమ తగిలి పక్కటెముకలు విరిగాయి. అయినా ఆమె మనసు పారేసుకున్నది ఆ అఫ్గానిస్థాన్ మీదే. ఒక దేశం మంచిదా చెడ్డదా అన్న తీర్పు, ఒక్క సంఘటన మీద కాకుండా, దారి పొడవునా అందిన వంద చిన్న సాయాల మీద నిలబడినప్పుడే అది సాధ్యం.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళున్నారు. స్కాట్లండు వాసి మార్క్ బోమాంట్ 2017లో 79 రోజులు నిండకుండానే సైకిలు మీద భూమిని చుట్టాడు; అది ఎందరిని అడిగిన యాత్ర అంటారు. నిజమే, వెనక సహాయక బృందంతో రోజుకు 380 కిలోమీటర్లు తొక్కేవాడికి గడప ముందు ఆగే తీరిక ఉండదు. అది గొప్ప క్రీడ, దాని విలువ దానిది. దానివల్ల తేలేదేమిటంటే, ఫలం ఇచ్చేది చక్రం కాదు, తీరికా అవసరమూ కలిసిన నడక. అందుకే ఏడాది కావాలి.

ప్రమాదం మాటో? 2018 జూలైలో తజికిస్థాన్‌లో సైకిలు యాత్రికులను కారుతో గుద్ది, కత్తులతో పొడిచి నలుగురిని చంపారు. అలాంటి నేలను కేవలం ఆతిథ్యాల స్వర్గమని వర్ణించడం తప్పు. మర్ఫీ కూడా పిస్తోలు వెంట పెట్టుకునే వెళ్ళారు, దాన్ని బయటికి తీయవలసి వచ్చింది కూడా. ఒంటరి ఆడమనిషి ఎవరిని అడగాలో, ఎవరిని అడగకూడదో ప్రతి సాయంత్రం తూచుకోవాలి. కానీ జాగ్రత్త వేరు, భయం వేరు. మనుషుల మధ్య తేడా తెలిస్తే జాగ్రత్త పడతాం. ఆ తేడా తెలియకపోతే అందరినీ చూసి భయపడతాం. తేడా తెలుసుకోవడానికి మనుషుల దగ్గరికి వెళ్ళడం తప్ప మరో బడి లేదు.

ఇది కలిగినవాళ్ళ సరదా అన్న అభ్యంతరంలో ఎక్కువ నిజం ఉంది. భారత పాస్‌పోర్టుతో ఐరోపాలోని షెంజెన్ దేశాలకు వెళ్ళాలంటే ముందు వీసా రావాలి. వచ్చాక కూడా 180 రోజుల్లో 90కి మించి ఉండరాదు. ఎప్పుడు చేరతామో తెలియని సైకిలు మనిషికి తేదీలతో బస వివరాలు చూపించడం అన్నిటికన్నా కష్టం. అంతకన్నా బరువైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఉద్యోగం వదిలి ఏడాది తిరగగల స్థోమత ఉన్నవాడు, పూట గడవని ఇంట్లో రొట్టె తినడం న్యాయమేనా? దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పుచ్చుకోవడం అప్పు అని ఒప్పుకోవడమే దీనికి జవాబు. ఢిల్లీ చేరాక మర్ఫీ టిబెటు శరణార్థి పిల్లల మధ్య పనిచేశారు. తిన్న ఇంటి రుణం ఆ ఇంటికే తీర్చడం కుదరకపోవచ్చు; దారిన పోయే మరొకరికి తీర్చవచ్చు. యాత్ర ముగిశాక ఏడాది అనుభవాన్ని నెమరు వేసుకోవడమంటే, ఎక్కిన కనుమల లెక్క రాసుకోవడం కాదు, తీర్చవలసిన బాకీల లెక్క చూసుకోవడం.

ఆ బాకీలో మన వంతు కూడా ఉంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఆదిలాబాదు, నిర్మల్, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా సాగుతుంది. ఎప్పుడైనా సంచులు కట్టిన సైకిలు ఒకటి మన ఊరి టీ కొట్టు ముందు ఆగితే, ఫోన్లు ఎత్తి చుట్టుముట్టకండి. నీడన కుర్చీ వేసి, చెంబెడు మంచినీళ్ళివ్వండి. వచ్చింది ఒంటరి స్త్రీ అయితే ఇంట్లో ఆడవాళ్ళను పిలవండి. మన పిల్లలెవరో ఈపాటికి ఏ దేశం దారిలోనో అవే నీళ్ళు అడుగుతూ ఉంటారు.