దిగని స్టేజీ

మణుగూరు నుంచి పినపాక రూట్లో పద్దెనిమిదేళ్లు టికెట్లు కొట్టాను. ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డు, జానంపేట అని రోజూ అరిచేవాణ్ణి. ఎవరో ఒకరు దిగేవాళ్లు. నేను మాత్రం రిటైరయ్యాకే దిగాను. రాక్షస గుళ్లు ఎటని అడిగితే మేకలు తోలుకుపోతున్న పిల్లాడు, "ఆ బండల కాడికా సార్? పాములుంటయ్" అంటూ చేతిలో కర్ర నాకిచ్చాడు.

అవి గుళ్లూ కావు, రాక్షసులవీ కావు. గోరీలు. నిలువుగా పాతిన బండలు, పైన పెద్ద కప్పుబండ, చుట్టూ గుండ్రాళ్లు. కప్పుబండ అంచుకు చెయ్యి ఆనించి చూస్తే మందం జానెడు దాటింది. వంగి లోపలికి చూశాను. ఒకే రాయి తొలిచిన తొట్టి, మన కుడితితొట్టి లాంటిదే. అడుగున కుళ్లిన ఆకులు, నిన్నటి వాననీళ్లు. ఒకప్పుడు అందులో మనిషి ఎముకలుంచి, పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవాళ్లు. ఇది ఇనుప యుగం ఆచారం. రెండు వేల ఏళ్లు దాటిన మాట.

గోదావరి వెంట ఇంకా పైకి పోతే, ములుగు జిల్లా కాటాపూర్ అడవిలో ఇలాంటి గోరీల పక్కనే శిలువలాంటి రాళ్లున్నాయి. సర్వే పనిమీద తిరిగిన ముల్హెరన్ 1868లో వాటి గురించి రాశాడు. 1872లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ తన పుస్తకంలో వాటి బొమ్మలు వేసి, ఇవి క్రైస్తవులవే అయ్యుంటాయన్నాడు. తర్వాతి పరిశోధకులు ఇవి చేతులు చాచిన మనుషుల బొమ్మలని తేల్చారు. దొరగారికి చర్చి గుర్తొచ్చింది, మనవాళ్లకు రాక్షసుడు గుర్తొచ్చాడు. చచ్చిపోయినవాళ్లు మామూలు మనుషులని ఎవరికీ తట్టలేదు!

కోయగూడేల్లో అలా కాదు. పెద్దలు పోతే వాళ్ల పేర రాయి పాతుతారు. ఒక గూడెం బయట వరసగా నిలబెట్టిన రాళ్లలో మూడోదాన్ని చూపించి "మా తాత" అన్నాడొకాయన, నా బస్సులో పాత ప్యాసింజరే. రాతిమీద ఒక్క అక్షరం లేదు.

ఏటికి అవతల దుమ్ముగూడెంలో ఇంకోరకం జ్ఞాపకం ఉంది. గోదావరిమీద ఎగువదాకా పడవలు నడపాలని కాటన్ దొర తలపెట్టిన పథకంలో అక్కడ ఆనకట్ట కట్టారు. 1871లో ఆ పథకాన్నే వదిలేశారు. ఆనకట్ట మాత్రం మిగిలింది.

జానంపేట గోరీలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అయినా ఇలాంటి చోట్ల గుప్తనిధులంటూ పలుగు దింపేవాళ్లకు కొదవలేదు. తవ్వితే దొరికేవి కుండపెంకులు, పూసలు, తుప్పుపట్టిన ఇనుము. బంగారం మీద ఆశ ఉన్నవాళ్లు వేరే దారి చూసుకోవడం మంచిది.

మీరు పోతే చలికాలంలో పొద్దున్నే పోండి. చేతిలో కర్ర ఉండనివ్వండి. కప్పుబండ ఎక్కి ఫొటోలు దిగొద్దు, కింద ఉన్నది ఒకరి గోరీ.