అభ్రకం తళుకు వెనుక పసిచేతులు

కెపాసిటర్‌లో అభ్రకం ఎందుకు పెడతారో సైన్సు విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. కరెంటును పోనివ్వదు, వేడికి చెక్కుచెదరదు. అందులోని సిలికేటు పొరల్ని పట్టి ఉంచే పొటాషియం బంధం బలహీనం గనక గోటితో లాగినా రేకులు రేకులుగా ఊడివస్తుంది. పొడి చేస్తే తళుకు. ఆ తళుకే లిప్‌స్టిక్‌లోనూ, కార్లకు వేసే రంగులోనూ ఉంది. మరి దాన్ని నేలలోంచి ఏరేదెవరు?

మన గూడూరు అభ్రకం ఒకప్పుడు పేరుపడ్డదే. కానీ నేను చెప్పబోయేది జార్ఖండ్‌లోని కొడర్మా, గిరిడీ జిల్లాల సంగతి. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ చాలా గనులు మూతపడ్డాయి. గనులు మూశారు గాని ఆకలిని మూయలేరు గదా! జనం పాత గనుల దగ్గర తుక్కు అభ్రకం ఏరుకోవడం మొదలెట్టారు. దాన్ని అక్కడ ఢిబ్రా అంటారు. ఇరుకు బొరియల్లో పెద్దవాళ్లు పట్టరు, పిల్లలు దూరతారు. పైన మట్టి కూలిందా, అంతే. ఇలాంటి అనుమతిలేని గనుల్లో రెండు నెలల్లో ఏడుగురు పిల్లలు చనిపోయారని 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేఖరులు బయటపెట్టారు. ఉన్న కూలి కూడా పోతుందన్న భయంతో చావుల్ని సైతం దాచుకున్నారట. ఆ రెండు జిల్లాల అభ్రకం గ్రామాల్లో 6-14 ఏళ్ల పిల్లలు 4,545 మంది బడికి పోవడంలేదని 2019లో వెలువడ్డ జాతీయ బాలల హక్కుల కమిషన్ సర్వే తేల్చింది.

చట్టాలు లేవా? ఉన్నాయి. రాజ్యాంగం 24వ అధికరణం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని గనుల్లో పెట్టరాదంది. గనుల చట్టానికి 1983లో జరిగిన సవరణ ఆ వయసును పద్దెనిమిదికి పెంచింది. అయితే కాగితం మీద గనే లేనప్పుడు తనిఖీ ఎక్కడ చేస్తారు?

కన్నవాళ్లకు ప్రేమ లేకనే పంపుతారని కొందరంటారు. నేను రైతుబిడ్డని, ఆ మాట ఒప్పుకోను. కళ్లంలోనే అప్పులవాడికి ధాన్యం కొలిచేవాడికి ధర అడిగే నోరుండదు. ఢిబ్రా ఏరేవాడిదీ అదే గతి. సరుకు దొంగసరుకు గనక దళారి చెప్పిందే రేటు, వేసిందే తూకం. తల్లీ తండ్రీ ఇద్దరి రెక్కల కష్టానికీ ఇల్లు గడవకపోతే పిల్లవాడూ తట్ట పట్టక తప్పదు.

అందుకే పిల్లల్ని తెచ్చి బళ్లో వేయడం సగం పని మాత్రమే. ఏరుకునే పెద్దలకు లైసెన్సు, సొంత సహకార సంఘం, గిట్టుబాటు ధర కావాలి. మన రైతులు అడిగేదీ అదే గదా. పెద్దల కూలితో కుటుంబం గడిచిననాడు పిల్లల్ని గనికి పొమ్మనే తల్లి ఉండదు.