రికార్డులు 35.. ఒలింపిక్ పసిడి ఒక్కటే!

పోల్‌వాల్ట్‌లో ప్రపంచ రికార్డును 35 సార్లు తిరగరాసిన సెర్గీ బుబ్కా ఒలింపిక్ స్వర్ణాన్ని అందుకున్నది ఒక్కసారే. వరుసగా ఆరు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లను గెలిచిన ఈ ఉక్రెయిన్ వీరుడికి ఒలింపిక్స్ మాత్రం ఎందుకు అచ్చిరాలేదు? కొంత రాజకీయం, కొంత గాయం. వీటికి తోడు ఈ క్రీడలోని ఒక కఠిన నిబంధన.

బుబ్కా 1963 డిసెంబరు 4న నాటి సోవియట్ యూనియన్‌లోని లుహాన్స్క్ నగరంలో జన్మించాడు. అన్న వాసిలీ కూడా పోల్‌వాల్ట్ క్రీడాకారుడే. బాల్యంలోనే శిక్షకుడు విటాలీ పెత్రోవ్ వద్ద చేరిన బుబ్కా, గురువు దొనెత్స్క్‌కు మారినపుడు ఇల్లు విడిచి ఆయన వెంటే వెళ్లాడు. 1983లో హెల్సింకీలో తొలి ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ జరిగింది. పెద్దగా ఎవరికీ తెలియని 19 ఏళ్ల ఆ కుర్రవాడు 5.70 మీటర్ల ఎత్తు దాటి స్వర్ణం ఎగరేసుకుపోయాడు. ఈ 5.70 అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి.

వేగమే ఇంధనం

గడ వంగి, మనిషిని పైకి విసిరినట్లు చూసేవారికి తోస్తుంది. నిజానికి గడలో సొంత శక్తి ఏదీ ఉండదు. పరుగులో కూడగట్టిన వేగమే దానిని వంచుతుంది. అది తిరిగి నిటారుగా సాగేటప్పుడు అదే శక్తి మనిషిని పైకి లేపుతుంది. గడను ఎంత పైన పట్టుకుంటే అంత ఎత్తు అందుకునే వీలుంటుంది. అయితే పైన పట్టుకున్న కొద్దీ దానిని నిలువుగా లేపడం కష్టమవుతుంది. వేగం చాలకుంటే గడ సగంలోనే ఆగిపోయి, క్రీడాకారుణ్ని వచ్చిన దారినే వెనక్కు నెట్టేస్తుంది.

పొట్టి పరుగుల వీరులకు దీటైన వేగం బుబ్కా సొత్తు. అందుకే అతడు తోటివారికంటే పైన పట్టుకుని, బిరుసైన గడలను వాడగలిగాడు. పెత్రోవ్ నేర్పిన మరో కిటుకు కూడా కలిసివచ్చింది. రన్‌వే చివర 20 సెంటీమీటర్ల లోతు పెట్టె ఒకటి ఉంటుంది. గడ మొన ఆ పెట్టె వెనుక గోడను తాకకముందే కాలు నేలను వీడాలన్నది ఆయన సూత్రం. తాకిన తర్వాత ఎగిరితే ఆ అదురుకే వేగం కొంత హరించుకుపోతుంది. రెప్పపాటులో జరిగిపోయే ఈ తేడాను సాధించడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి. దేహబలం ఉన్న వారెందరో ఇక్కడే ఆగిపోయారు.

సెంటీమీటరు చొప్పున..

1984 మే 26న బ్రాటిస్లావాలో 5.85 మీటర్లతో బుబ్కా తొలి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అదే ఏడాది ఆగస్టు 31న రోమ్‌లో ఫ్రాన్స్ క్రీడాకారుడు థియెరీ విన్యెరాన్ 5.91 మీటర్లు దాటి రికార్డును లాగేసుకున్నాడు. ఆ సంబరం నిమిషాల ముచ్చటే అయింది. వెంటనే బుబ్కా 5.94 మీటర్లు దాటేశాడు. 1985 జులై 13న పారిస్‌లో 6 మీటర్ల ఎత్తును దాటి, ఆ ఘనత సాధించిన తొలి మానవుడయ్యాడు. 1991లో 6.10 మీటర్లు, అంటే 20 అడుగుల హద్దు కూడా చెరిగిపోయింది.

మొత్తం రికార్డుల్లో 17 ఆరుబయట, 18 ఇండోర్ పోటీల్లో నమోదయ్యాయి. చాలాసార్లు పెంచింది ఒక్క సెంటీమీటరే. రికార్డు బద్దలైన ప్రతిసారీ బహుమతి సొమ్ము అందుతుంది కనుక కావాలనే కొద్దికొద్దిగా పెంచాడన్న విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ సెంటీమీటరును ఆనాడు మరొకరెవరూ దాటలేకపోయారన్నదీ అంతే నిజం.

మూడు తప్పితే ఇంటికే

లాంగ్‌జంప్‌లో పేలవమైన దూకుకూ కొలత ఉంటుంది. పోల్‌వాల్ట్‌లో అలా కాదు. ఏ ఎత్తు వద్ద ఆరంభించాలో క్రీడాకారుడే నిర్ణయించుకుంటాడు. గంటల తరబడి సాగే పోటీలో శక్తిని దాచుకునేందుకు మేటి ఆటగాళ్లు తక్కువ ఎత్తులను వదిలేసి, పైస్థాయిలో బరిలోకి దిగుతారు. ఒక ఎత్తు వద్ద విఫలమైతే మిగిలిన ప్రయత్నాలను తర్వాతి ఎత్తుకు దాచుకోవచ్చు. కానీ వరుసగా మూడు తప్పితే పోటీ ముగిసినట్లే. అప్పటికి ఏ ఎత్తూ దాటకపోతే పట్టికలో స్థానమే దక్కదు. ఎత్తులో మొదలుపెట్టడమంటే ఒక విధంగా జూదమే.

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ను సోవియట్ యూనియన్ బహిష్కరించడంతో బుబ్కాకు అవకాశమే లేకుండా పోయింది. 1988లో సియోల్‌లో 5.90 మీటర్లను చివరిదైన మూడో ప్రయత్నంలో దాటి స్వర్ణం గెలిచాడు. అదీ తప్పి ఉంటే ఆ ఒక్కటీ దక్కేది కాదు. 1992లో బార్సిలోనాలో తిరుగులేని ఫేవరెట్‌గా దిగి, 5.70 వద్ద రెండుసార్లు విఫలమయ్యాడు. మిగిలిన ఒక్క ప్రయత్నాన్ని 5.75కు దాచుకుని అక్కడా తప్పాడు. ప్రపంచ రికార్డు వీరుడు ఒక్క ఎత్తూ దాటకుండానే నిష్క్రమించాడు. 1996లో అట్లాంటాలో మడమ గాయం కారణంగా ఒక్కసారి కూడా ఎగరలేదు. 2000లో సిడ్నీ అర్హత పోటీలో మళ్లీ అదే 5.70 వద్ద మూడుసార్లూ విఫలమయ్యాడు. పందొమ్మిదేళ్ల వయసులో అతణ్ని జగజ్జేతను చేసిన ఎత్తు అది!

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ నిబంధన ఇదే. అయినా 1983 నుంచి 1997 వరకు ఆరుసార్లూ అతడే విజేత. అట్లాంటా గాయం తర్వాతి ఏడాదే ఏథెన్స్‌లో 6.01 మీటర్లతో చివరి స్వర్ణం గెలిచాడు. నాలుగేళ్లకోసారి వచ్చే ఆ ఒక్క రోజు అదృష్టం ముఖం చాటేసిందనే అనుకోవాలి. 2001లో దొనెత్స్క్‌లో ఆటకు వీడ్కోలు పలికి, అనంతరం క్రీడా పాలనలోకి వెళ్లాడు. 2005 నుంచి 2022 వరకు ఉక్రెయిన్ ఒలింపిక్ కమిటీకి సారథ్యం వహించాడు.

1993లో దొనెత్స్క్‌లో అతడు నెలకొల్పిన 6.15 మీటర్ల ఇండోర్ రికార్డు 21 ఏళ్లు నిలిచింది. 2014 ఫిబ్రవరి 15న అదే నగరంలో, బుబ్కా కళ్లెదుటే ఫ్రాన్స్ క్రీడాకారుడు రెనో లావిలెనీ 6.16 మీటర్లు దాటాడు. కొద్ది నెలలకే ఆ ప్రాంతంలో యుద్ధం రాజుకుంది. ఇటలీలోని సెస్ట్రియేర్‌లో 1994 జులై 31న సాధించిన 6.14 మీటర్ల ఆరుబయట రికార్డు మరింత కాలం చెక్కుచెదరలేదు. 2020 సెప్టెంబరు 17న స్వీడన్ యువకుడు అర్మాండ్ డుప్లాంటిస్ 6.15 మీటర్లతో దానిని అధిగమించాడు. వేదిక రోమ్. 1984లో విన్యెరాన్ చేతినుంచి బుబ్కా రికార్డును తిరిగి లాక్కున్న మైదానమే అది. 2025 సెప్టెంబరులో టోక్యోలో డుప్లాంటిస్ 6.30 మీటర్లకు చేరాడు. 6.17 నుంచి అక్కడివరకు అతడూ రికార్డును పెంచుకుంటూ వచ్చింది ఒక్కో సెంటీమీటరు చొప్పునే.