హాలోవీన్ రీడ్స్: దెయ్యం కనిపించకుండానే వణికించే కథలు.. ఈ రాత్రి ఏది మొదలుపెట్టాలి?

అక్టోబర్ 31 దగ్గరపడిందంటే చాలు.. ఫోన్ తెరిస్తే దెయ్యాలే. తెల్ల చీర, విరబోసుకున్న జుట్టు, కిర్రుమనే తలుపు, చివర్లో స్పీకర్ పగిలిపోయేలా ఒక కేక. గుండె ఝల్లుమంటుంది. మరుక్షణం వేలు పైకి జరుగుతుంది, ఏదో వంట వీడియో వస్తుంది. భయం అక్కడితో సరి.

ఆ వీడియోలనే ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. చాలావాటికి నవ్వొస్తుంది. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడటం మనిషి ఒంట్లోనే ఉంది కాబట్టి, అక్కడ పనంతా శబ్దమే చేస్తుంది. పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. బీజీఎం లేదు, కెమెరా లేదు, చీకట్లోంచి ముందుకు దూకే మొహం లేదు. అయినా కొన్ని కథలు రాసి వందేళ్లు దాటినా అర్ధరాత్రి ఒంటరిగా బాత్రూంకి వెళ్లనివ్వవు.

ఎందుకలా? ఆ కథల్ని వరసగా చదివితే ఒక విషయం తెలుస్తుంది. వాటిలో దెయ్యం దాదాపుగా కనిపించదు. కానీ దాని కింద నిజమైన బాధ ఒకటి ఉంటుంది. కొడుకు చావు, బాలింత కుంగుబాటు, బానిస బతుకు.. ఇలాంటిది. ఈ హాలోవీన్‌కి ఏం చదవాలి అని వెతికేవాళ్లు ఆ కొలతతోనే ఎంచుకుంటే మోసపోరు.

అసలు హాలోవీన్ ఎక్కడిది?

నవంబర్ 1న క్రైస్తవులు జరుపుకునే సకల పరిశుద్ధుల పండుగకు ముందు రోజు సాయంత్రమే హాలోవీన్. దీని మూలాలు ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల పాత 'సావిన్' పండుగలో ఉన్నాయని చెబుతారు. కోతలు పూర్తయి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి చనిపోయినవాళ్లు మళ్లీ ఇళ్ల వైపు వస్తారని నమ్మేవారు. 19వ శతాబ్దంలో వలస వెళ్లిన ఐరిష్, స్కాటిష్ కుటుంబాలతో ఇది అమెరికా చేరింది. ఐర్లాండ్‌లో టర్నిప్ దుంపను తొలిచి లోపల దీపం పెట్టేవారు. అమెరికాలో గుమ్మడికాయ దొరికింది, తొలచడమూ తేలికే. మన ఇళ్ల ముందు దిష్టికి బూడిద గుమ్మడికాయ కడతారు కదా.. గుమ్మడికాయకీ, గాలీ ధూళికీ రెండు చోట్లా ఏదో పాత గొడవ ఉన్నట్టుంది.

ఇప్పుడు అమెరికాలోని తెలుగు పిల్లలు కూడా వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. వాళ్లు పడుకున్నాక పెద్దవాళ్లు చదువుకోవాల్సిన కథల సంగతి చూద్దాం.

మొదట ఒక కోతి పంజా

పుస్తకం ముట్టుకుని చాలా కాలమైందా? అయితే ఇక్కడ మొదలుపెట్టండి. డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా'. 20 నిమిషాల్లో అయిపోతుంది. విచిత్రం ఏంటంటే.. జేకబ్స్‌కి పేరొచ్చింది హాస్య కథలతో. ఇప్పుడు లోకానికి ఆయన పేరు గుర్తున్నది మాత్రం ఈ కథ వల్లే.

ఇంగ్లాండ్‌లో ఒక మామూలు ఇల్లు. తండ్రి, తల్లి, ఒక్కగానొక్క కొడుకు. ఇండియాలో పనిచేసి వచ్చిన ఒక సైనికుడు ఎండిపోయిన కోతి పంజాను చూపిస్తాడు. ఎవరో ఫకీరు మంత్రించినదట, ముగ్గురికి మూడేసి కోరికలు తీరుస్తుందట. (ఆ రోజుల్లో ఇంగ్లీష్ రచయితలకు ఏ వింత వస్తువు కావాలన్నా ఇండియా నుంచే దిగుమతి. అది వేరే చర్చ.) తండ్రి పెద్ద ఆశకు పోడు. ఇంటి బాకీ తీరితే చాలని 200 పౌండ్లు అడుగుతాడు.

మర్నాడు కొడుకు పనిచేసే కంపెనీ నుంచి ఒక మనిషి వస్తాడు. కొడుకు మెషీన్‌లో పడి చనిపోయాడు. తప్పు మాది కాదు, అయినా అతని సేవలకు గుర్తుగా కొంత పరిహారం ఇస్తున్నాం అంటాడు. ఎంత? సరిగ్గా 200 పౌండ్లు.

ఈ సీన్‌లో దెయ్యం లేదు. గుమ్మంలో ఇబ్బందిగా నిలబడ్డ కంపెనీ ఉద్యోగి, అతని చేతిలో లెక్క తేలిన ఒక అంకె. ఫ్యాక్టరీ ప్రమాదం జరిగిన ప్రతిసారీ స్క్రోలింగ్‌లో ఎక్స్‌గ్రేషియా మొత్తాలు చదివేవాళ్లకు ఇది 120 ఏళ్ల నాటి కథ అనిపించదు. ఆ తర్వాత తల్లి అడిగే రెండో కోరిక ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. రాత్రి తలుపు చప్పుడవుతుంది. బయట ఉన్నది ఎలా ఉందో జేకబ్స్ ఒక్క ముక్క కూడా చెప్పడు. స్పాయిలర్ ఇక్కడితో ఆపేద్దాం.

గోడ కాగితం వెనక ఎవరు?

1892లో అమెరికాలో అచ్చయిన 'ది యెల్లో వాల్‌పేపర్' ఇంకాస్త పెద్దది, అరగంట పైన పడుతుంది. రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్. ఈ లిస్ట్‌లో ఒక్కటే చదువుతాను అనేవాళ్లకు చెప్పాల్సిన పేరు ఇదే.

బిడ్డ పుట్టాక ఒక ఇల్లాలికి మనసు బాగోదు. భర్త డాక్టర్. నీకేం కాలేదు, విశ్రాంతి తీసుకుంటే చాలంటాడు. వేసవికి ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని, పై గదిలో ఉంచుతాడు. రాయకూడదు, ఎక్కువగా మనుషుల్ని కలవకూడదు. ఆమె దొంగచాటుగా రాసుకున్న డైరీయే ఈ కథ. గదికి అంటించిన పసుపు రంగు కాగితం మీది డిజైన్‌ను చూస్తూ ఉంటుంది. చూడగా చూడగా.. ఆ డిజైన్ వెనక ఒక ఆడమనిషి కదులుతున్నట్టు, బయటపడాలని దాన్ని ఊపుతున్నట్టు అనిపిస్తుంది. భర్తకు చెప్పబోతే ప్రేమగానే కొట్టిపారేస్తాడు. అతను చెడ్డవాడు కాకపోవడమే ఇందులో అన్నిటికన్నా భయపెట్టే విషయం.

ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. కూతురు పుట్టాక గిల్మన్ తీవ్రంగా కుంగిపోయారు. 1887లో అప్పట్లో పేరున్న డాక్టర్ సైలాస్ వీర్ మిచెల్ ఆమెకు 'రెస్ట్ క్యూర్' చేశారు. మంచం దిగకుండా పడుకోవడం, బాగా తినడం, ఒంటరిగా ఉండటం. ఇంటికి పంపేటప్పుడు ఇక కలం ముట్టొద్దన్నారు. మూడు నెలలు ఆ మాట విన్నాక పిచ్చి అంచుదాకా వెళ్లానని, అందుకే ఈ కథ రాశానని ఆమె 1913లో వివరించారు. కథ కాపీని ఆ డాక్టర్‌కే పంపానని కూడా చెప్పారు.

బాలింత ఏడుస్తుంటే, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే "గాలి సోకింది" అనే మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటుకు చికిత్స ఉందని తెలియని ఇళ్లలో ఈ కథ హారర్ కిందకే రాదు, పక్క గదిలో జరిగేదే.

నెట్‌ఫ్లిక్స్‌లో చూసేశాం అనేవాళ్లకు..

2018లో వచ్చిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' సిరీస్ చూసినవాళ్లు చాలామందే ఉంటారు. షిర్లీ జాక్సన్ 1959లో రాసిన నవల వేరు. సిరీస్‌లో ఉన్నది ఒక కుటుంబం, నవలలో ఒకరికొకరు పరిచయం లేని నలుగురు. సిరీస్ చూసినా సస్పెన్స్ పోదు.

నవల హీరోయిన్ ఎలినార్‌కు 32 ఏళ్లు. మంచాన పడ్డ తల్లికి 11 ఏళ్లు సేవ చేసింది. ఆ తల్లి మందు కోసం రాత్రిళ్లు గోడ మీద కొట్టి పిలిచేది. చివరి రాత్రి పిలిచిందా, తాను వినిపించుకోలేదా అన్న గుబులు ఆమెను వదలదు. ఇప్పుడు హిల్ హౌస్‌లో రాత్రిపూట వచ్చే శబ్దం ఏంటో తెలుసా? గోడల మీద ఎవరో కొడుతున్న చప్పుడు. నిద్ర మత్తులో ఎలినార్ అమ్మే పిలుస్తోందనుకుంటుంది.

ఇంకో చోట చీకట్లో పక్క మంచం మీది స్నేహితురాలి చేయి గట్టిగా పట్టుకుని పడుకుంటుంది. లైటు వెలిగాక చూస్తే ఆ స్నేహితురాలు చేయి అందేంత దగ్గరలో లేదు. అయితే అంతసేపూ పట్టుకున్నది ఎవరి చేయి? సినిమాలో ఎంత బాగా తీసినా ఈ సీన్ పేజీ మీద పనిచేసినట్టు పనిచేయదు. చదివేటప్పుడు ఆ చేతి స్పర్శను తయారుచేసుకునేది మన మెదడే కాబట్టి.

నిజాం కొలువులో ఒక ఉద్యోగి.. ఆకలిగొన్న రాళ్లు

హాలోవీన్‌తో సంబంధం లేదు గానీ, ఈ వరసలో రవీంద్రనాథ్ ఠాగూర్ కథ లేకపోతే లోటే. బెంగాలీలో 'క్షుధిత పాషాణ్', ఇంగ్లీష్‌లో 'ది హంగ్రీ స్టోన్స్'. ఇందులో కథ చెప్పే పెద్దమనిషి హైదరాబాద్ నిజాం కొలువులో పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి! అతనికి పోస్టింగ్ వచ్చిన ఊళ్లో, ఏటి ఒడ్డున ఒక పాడుబడ్డ పాలరాతి భవనం. రాత్రిళ్లు అక్కడ ఉండొద్దని ముసలి గుమస్తా హెచ్చరిస్తాడు. మనవాడు వింటాడా?

సాయంత్రం అయ్యేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడు, ఏట్లో స్నానానికి పరుగెత్తే అమ్మాయిల నవ్వులు. ఎవరూ కనిపించరు. పగలు ఫైళ్లు, రాత్రి ఆ లోకం. వినోదాల కోసం కట్టిన ఆ భవనంలోకి ఒకప్పుడు బానిసలుగా తెచ్చిన ఆడవాళ్ల గోడంతా రాళ్లలో ఇంకిపోయిందన్నది కథలోని ఊహ. తెల్లారగానే ఒక పిచ్చివాడు ఇదంతా అబద్ధమని, దూరంగా పొమ్మని అరుస్తూ ఆ భవనం చుట్టూ తిరుగుతుంటాడు.

17 ఏళ్ల వయసులో ఠాగూర్ అహ్మదాబాద్‌లో జడ్జిగా ఉన్న అన్న సత్యేంద్రనాథ్ ఇంట్లో కొన్నాళ్లు ఉన్నారు. షాహీబాగ్‌లోని ఆ మొగల్ కాలపు భవనమే ఈ కథకు ప్రేరణ. గుల్జార్ సినిమా 'లేకిన్' కూడా ఈ కథ నుంచే పుట్టింది. క్లైమాక్స్ విషయంలో మాత్రం కొందరికి కోపం రావచ్చు. ఎందుకంటే ఈ కథను ఆయన రైల్వే స్టేషన్‌లో బండి కోసం ఎదురుచూస్తూ చెబుతుంటాడు. సరిగ్గా అసలు రహస్యం దగ్గరకు వచ్చేసరికి.. బండి వచ్చేస్తుంది.

లావుపాటివి, సరదావి

'డ్రాక్యులా' (1897) మొత్తం చదవాలని పట్టుబట్టక్కర్లేదు. ఇంగ్లీష్ లాయర్ కోటలో చిక్కుకుపోయే మొదటి నాలుగు అధ్యాయాలే నవలకు ప్రాణం, తర్వాత కాస్త సాగుతుంది. ఎం.ఆర్. జేమ్స్ కథలు పాత గుడులు, తాళపత్రాల్లాంటి పాత రాతలు ఇష్టపడేవాళ్లకు బాగా నచ్చుతాయి. ఆయన వాటిని కేంబ్రిడ్జ్‌లో క్రిస్మస్ ముందు రాత్రి స్నేహితులకు చదివి వినిపించేవారు. ఇంగ్లాండ్‌లో దెయ్యం కథల సీజన్ అసలు క్రిస్మసే. భయం అస్సలు పడదు అనేవాళ్లకు ఆస్కార్ వైల్డ్ 'ది కాంటర్‌విల్ ఘోస్ట్' ఉంది. అందులో దెయ్యం గొలుసులు చప్పుడు చేస్తుంటే అమెరికన్ ఇంటి యజమాని వాటికి రాసుకోమని నూనె సీసా ఇస్తాడు. పాపం, దెయ్యమే ఏడవాలి.

తెలుగులో అయితే..

తెలుగులో ఈ మాట ఎత్తితే ముందు గుర్తొచ్చేది యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఈ నవల కోసం వారం వారం ఎదురుచూసిన తరం ఇంట్లో ఉంటే అడిగి చూడండి, కథలు కథలుగా చెబుతారు. చిన్నపిల్ల తులసి మీద క్షుద్ర ప్రయోగం, ఒక పక్క మంత్రగాళ్లు, ఇంకో పక్క డాక్టర్లు. పేజీలు వాటంతటవే తిరుగుతాయి.

అయితే దీన్ని చదివేటప్పుడు ఒక తేడా ఉంది. డ్రాక్యులా చదివి ఎవరూ పక్కింటాయన్ని అనుమానించరు. చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వస్తూనే ఉన్నాయి. బలైనవాళ్లలో ఒంటరి ముసలివాళ్లు, పేదలే ఎక్కువగా కనిపిస్తారు. నవలలో సూదులు గుచ్చిన బొమ్మ థ్రిల్. ఊళ్లో అదే మాట ఒకరి ప్రాణం తీస్తుంది.

అన్నిటికన్నా బరువైనది

టోనీ మారిసన్ 'బిలవెడ్' (1987)ను దెయ్యం నవల అనడానికి కొందరు ఒప్పుకోరు. కానీ అందులో దెయ్యం ఉంది, ఇంట్లోనే ఉంది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస మహిళ కుటుంబంతో గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి పారిపోయింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఇంటిని చుట్టుముట్టగానే, మళ్లీ బానిసత్వంలోకి పంపడం కన్నా మేలని రెండేళ్ల కూతురిని తన చేతులతోనే చంపేసింది. ఆ నిజ ఘటన నుంచి మారిసన్ ఒక ప్రశ్న అందుకున్నారు. ఆ పాప తిరిగొస్తే? నవలలో ఒక రోజు నీళ్లలోంచి ఒక యువతి లేచి వచ్చి ఆ తల్లి ఇంటి ముందు కూర్చుంటుంది. తల్లి ఆమెను భయంతో తరిమేయదు. అన్నం పెడుతుంది.

1988లో పులిట్జర్ వచ్చిన ఈ నవల తేలిగ్గా నడవదు. కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది, మొదటి 50 పేజీలు ఓపిక పట్టాలి.

ఎక్కడ దొరుకుతాయి?

జేకబ్స్, గిల్మన్, స్టోకర్, జేమ్స్, వైల్డ్ రచనలు, ఠాగూర్ కథ ఇంగ్లీష్ అనువాదం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగానే దొరుకుతాయి. కళ్లు అలసిపోతే లిబ్రివాక్స్‌లో పాత కథల ఆడియోలు ఉన్నాయి, అవీ ఫ్రీనే. హిల్ హౌస్, బిలవెడ్ మాత్రం కొనుక్కోవాలి, లేదా లైబ్రరీలో వెతకాలి.

ఒక్క రాత్రే టైం ఉంటే కోతి పంజా, ఆ వెంటనే పసుపు గోడ కాగితం. ఫోన్‌లోనే చదివినా పర్లేదు, నోటిఫికేషన్లు ఆపేస్తే చాలు. హిల్ హౌస్‌కి రెండు మూడు రాత్రులు పెట్టుకోండి. బిలవెడ్‌ను మాత్రం అర్ధరాత్రి మొదలుపెట్టొద్దు. సెలవు రోజు, పగటి వెలుతురులో, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నప్పుడు తెరవండి.