పడవలో జీపీఎస్, ఎకో సౌండర్: అపోహలు – వాస్తవాలు

కొత్త జీపీఎస్ కొనాలన్నా, పాత ఎకో సౌండర్ మార్చాలన్నా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధమే అదను. మైపాడు నుంచి తూపిలిపాలెం దాకా తీరంలో ఫైబర్ పడవలున్నవాళ్లు కొనేముందు కొన్ని నమ్మకాలను సరిచూసుకోవాలి.

అపోహ: జీపీఎస్ ఉందిగా, ఇంజను ఆగిపోతే మనమెక్కడున్నామో కోస్ట్ గార్డుకు తెలిసిపోతుంది.

తెలియదు. ప్రాణాల మీదికి తెచ్చే అపోహ ఇదే. జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటుందే తప్ప ఎవరికీ ఏదీ పంపదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమినీ పరికరమూ అంతే. తుపాను హెచ్చరిక, చేపలుండే చోటు మనకు చెబుతుంది గానీ మన కబురు ఒడ్డుకు చేర్చదు. ఆపదలో కబురు పంపాలంటే ఇస్రో రూపొందించిన డాట్ లాంటి ట్రాన్స్‌మిటరో, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టో ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డు నంబరు 1554కు చేయాలి.

అపోహ: టవర్ అందకపోతే ఫోన్‌లో జీపీఎస్ పనిచేయదు.

పనిచేస్తుంది. రానిది మ్యాపు. దాన్ని ఒడ్డునే డౌన్‌లోడ్ చేసుకుంటే సరి.

అపోహ: ముందున్న ఇసుక దిబ్బను ఎకో సౌండర్ చూపిస్తుంది.

మామూలు ఎకో సౌండర్ చూసేది పడవ కిందికే. నీళ్లలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోయే శబ్దం అడుగుకు తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి లోతు లెక్కగడుతుంది. తెర కుడి అంచున ఉన్నదే ఇప్పటి లోతు, ఎడమకు జరిగిపోయేదంతా దాటొచ్చిన నీళ్లు. పులికాట్ రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడుతుంటుంది. అలాంటి చోట దిబ్బ తెర మీదికి వచ్చేసరికి పడవ దాని మీదే ఉంటుంది. ఇంకో మాట: సౌండర్ శబ్దం ఫ్రీక్వెన్సీ 50 కిలోహెర్ట్జ్ అయితే లోతు నీళ్లకు, 200 ఒడ్డు దగ్గరికి. వేల అడుగులు చూస్తుందని షాపులో ఎంత ఊరించినా, కొద్ది బారల నీళ్లలో వల వేసేవారికి 200 చాలు.

అపోహ: పెద్ద కంపెనీ సెట్ అయితే చెడిపోదు.

పేరు కన్నా బిగించే తీరు ముఖ్యం. హార్బర్ లేని పల్లెల్లో పడవను ఇసుక మీదికి లాగుతారు. శబ్దాన్ని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్‌ను వెనక అడుగున బిగిస్తే అప్పుడే విరుగుతుంది. పైకి మడిచే బ్రాకెట్ అయితే మేలు. గట్టి ఫైబర్ గుండా శబ్దం పోతుంది కాబట్టి లోపల అతికించుకోవచ్చు కూడా. మధ్యలో గాలి బుడగలుంటే మాత్రం లాభం లేదు. ఉప్పు పట్టే బ్యాటరీ కనెక్షన్లకు గ్రీజు రాయాలి.

అపోహ: అంకెలు ఒకటైతే చోటూ ఒకటే.

పక్క పడవవాళ్లు 14 డిగ్రీల 30.50 నిమిషాలని చెప్పిన అక్షాంశాన్ని 30 నిమిషాల 50 సెకన్లుగా కొడితే 600 మీటర్లకు పైగా తప్పుతాం. అంకెలు చూపే పద్ధతిని మార్చుకునే వీలుందో లేదో కొనేముందే అడగాలి.