డొక్కలో పోటు, భుజంలో నొప్పి, మధ్యలో దుబాసీ

బుధవారం సాయంత్రం ఎడిటర్ గారి ఫోను. “అమెరికా ఆస్పత్రుల్లో మన పెద్దవాళ్లకీ డాక్టర్లకీ మధ్య మాట కలిపే తెలుగు ఇంటర్‌ప్రెటర్ల మీద కవర్ స్టోరీ కావాలి. హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ రెడీ. శుక్రవారం పేజీలు కట్టేస్తాం.” బొమ్మ ముందు, కథ తర్వాత. మా దగ్గర ఇది మామూలే.

ఈ పనికి శిక్షణ ఎలా ఇస్తారో చూద్దామని పాఠ్యప్రణాళికలు ముందేసుకుని కూర్చున్నాను. ‘శరీర నిర్మాణం’ ఒక చోట, ‘జ్ఞాపకశక్తి’ ఇంకో చోట. ఒకదాని మొహం ఒకటి చూడనట్టే రాసి ఉన్నాయి. ఈ రెండూ ఒకటే పాఠమని నాకు అనిపించడానికి కారణం 1956లో ఫ్రెంచిలో వచ్చిన ఒక పలచటి పుస్తకం.

రాసినాయన జాఁ ఫ్రాన్స్వా రోజాఁ, జెనీవాలో దుబాసీలకు పాఠం చెప్పినవాడు. దౌత్యవేత్త నిమిషాల తరబడి మాట్లాడి ఆగితే, విన్నదంతా మరో భాషలో అప్పగించాలి. చేతిలో ఉన్నది పెన్ను, చిన్న నోటుబుక్కు. ఏం రాసుకోవాలి? రోజాఁ ఏడు సూత్రాలు చెప్పాడు. మొదటిది: మాట రాయకు, భావం రాయి. ‘కానీ’, ‘అందుకే’ లాంటి లంకెలు వదలకు. ‘లేదు’, ‘కాదు’ స్పష్టంగా కనపడాలి. నొక్కి చెప్పినదాని కింద గీత గియ్యి. అడ్డంగా వరసలు రాయకుండా మెట్లు దిగినట్టు పైనుంచి కిందికి రా. గుర్తులంటావా, ఇరవై చాలు, అందులో తప్పనిసరివి పదే. ఇవాళ వందల గుర్తులు బట్టీ పట్టిస్తామనే కోర్సులు చూస్తే ఆ ‘పది’ మీద ముచ్చటేస్తుంది. ఈ పుస్తకం ఇంగ్లీషులోకి రావడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

అదే 1956లో అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్, మనిషి అప్పటికప్పుడు మనసులో నిలుపుకోగలిగింది ఏడు అంశాలు, రెండు అటూ ఇటూ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ దాన్ని నాలుగు దగ్గరికి దించాడు. ఆస్పత్రిలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూడటానికి నేనే ఒక పేషెంటు మాట అల్లాను:

“మొన్న రాత్రి పెళ్లిభోజనం అయ్యాక కుడిపక్క డొక్క కింద పోటు మొదలైందమ్మా. వెనక్కి పాకి కుడి భుజం దాకా లాగింది. రెండుసార్లు వాంతయింది. జ్వరం లేదు కానీ వణుకొచ్చింది. బీపీ బిళ్ల ఆ రోజు వేసుకోలేదు. షుగరు బిళ్ల మాత్రం రెండుపూటలా వేసుకున్నా.”

లెక్కపెడితే పదికి తక్కువ లేవు. మిల్లర్ చెప్పిన ఏడు దాటిపోయింది, కోవన్ నాలుగు సంగతి సరేసరి. శరీరం గురించి తెలియనివాళ్లకి పెళ్లిభోజనం, డొక్క, భుజం, వాంతి నాలుగూ దేనికది విడి ముక్కలు. భుజం మరీ అసందర్భంగా తోచి, ముందు జారిపోయేది అదే.

తెలిసినవాళ్లకి అలా కాదు. కాలేయం కింద పిత్తాశయం ఉంటుంది. కొవ్వు తిన్నప్పుడు అది ముడుచుకుని పైత్యరసాన్ని పేగుల్లోకి పంపుతుంది. దారిలో రాయి అడ్డుపడితే నొప్పి, వాంతి, ఆపైన వాపు. ఆ వాపు పైనున్న ఉదరవితానాన్ని (డయాఫ్రమ్‌ని) తాకితే, కబురు మోసే నరం మెడలోంచి వచ్చింది. భుజం చర్మం నుంచి వచ్చే కబురూ మెడలో అక్కడికే చేరుతుంది. అందుకే కడుపులో గొడవ భుజంలో తెలుస్తుంది. ఇప్పుడు నాలుగు ముక్కలూ ఒకే ముడి. చేతిలో పెన్ను ఉన్నది మిగతావాటికి: రెండుసార్లు, జ్వరం లేదు, వణుకు ఉంది, బీపీ బిళ్ల లేదు, షుగరు బిళ్ల రెండు. వీటిని ఏ శరీరశాస్త్రమూ ఊహించి చెప్పలేదు, రాసుకోవాల్సిందే.

తెలుగువాళ్లం కనక ధారణ అనగానే అవధానం గుర్తొస్తుంది. అవధాని పద్యాలు తను కట్టినవే, ఛందస్సు వాటిని పట్టి ఉంచుతుంది. ఇంటర్‌ప్రెటర్‌కి దొరికేది నొప్పిలో ఉన్న మరొకరి వచనం. దానికి ఛందస్సు లాంటిది ఏదైనా ఉంటే అది శరీర నిర్మాణమే. 1973లో చేజ్, సైమన్ చదరంగం ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగమూ ఇదే చెప్పింది. నిజమైన ఆటలోని పావుల్ని మేటి ఆటగాళ్లు ఒక్క చూపులో గుర్తుపెట్టుకున్నారు. అవే పావుల్ని ఇష్టం వచ్చినట్టు పెడితే కొత్తవాళ్లకంటే పెద్దగా మెరుగు కాదు. జ్ఞాపకశక్తిని విడిగా పెంచుతామనే ప్రకటనల మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదొక కారణం.

అమెరికా ఆస్పత్రుల్లోకి ఇంటర్‌ప్రెటర్ ఎలా వచ్చాడో ఆ చరిత్ర గబగబా చెప్పేస్తాను, జాగా లేదు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రి, ఏ దేశం నుంచి వచ్చారన్నది చూసి వివక్ష చూపకూడదు. ఆ రక్షణ భాషకూ వర్తిస్తుందని 2000లో క్లింటన్ ఉత్తర్వు. 2010 ఆరోగ్య చట్టం, దాని కింద 2016లో ‘అర్హులైన’ ఇంటర్‌ప్రెటర్ ఉండాలన్న నిబంధనలు, కొడుకునో కోడలినో వాడుకోవడం మీద కట్టుబాట్లు. 2025 మార్చిలో ట్రంప్ ఆ 2000 ఉత్తర్వును రద్దు చేసినా చట్టాలు రెండూ ఉన్నాయి. ధ్రువపత్రాలిచ్చే జాతీయ సంస్థలు రెండూ 2009లో పుట్టాయి.

ఇక తెలుగు సంగతి. ఒక సంస్థ ఆరు భాషల్లో మౌఖిక పరీక్ష పెడుతుంది, ఇంకోటి మూడు భాషల్లో. రెంటిలోనూ తెలుగు లేదు. మనవాళ్లు రాసేది ఇంగ్లీషులో ఉండే మౌలిక పరీక్ష. తెలుగు వచ్చునని విడిగా రుజువు చూపాలి. ముందస్తు శిక్షణ కనీసం 40 గంటలు. నీతి నియమాలు, గోప్యత, ఫోన్లో మర్యాద, అన్నీ అందులోనే ఇమడాలి. గుండె, ఊపిరితిత్తులు, పేగులకు మిగిలేది ఎంతో మీరే చూసుకోండి. మన వైద్యవిద్యార్థులకి మొదటి ఏడాది ప్రధాన పాఠాల్లో శరీర నిర్మాణం ఒకటి మరి.

ఇంతా నేర్చుకున్నాక ఇంటర్‌ప్రెటర్‌కి ఇంకో కట్టడి ఉంది. ‘పిత్తాశయంలో రాయేమో’ అని లోపల అనిపించినా పైకి అనకూడదు. పేషెంటు ‘నాకు’ అంటే తనూ ‘నాకు’ అనే చెప్పాలి. పేషెంటు చెప్పని నొప్పిని కలపకూడదు, చెప్పిన భుజాన్ని వదలకూడదు. మరిచిపోతే ఊహించకుండా ‘మళ్లీ చెప్పించమంటారా’ అని అందరికీ వినపడేలా అడగాలి.

బాక్స్: తోకలు నేర్చుకుంటే సగం పని

ఆపరేషన్ పేరు చివర ‘ఎక్టమీ’ ఉంటే తీసేయడం, ‘ఆటమీ’ ఉంటే కోయడం, ‘ఆస్టమీ’ ఉంటే దారి తెరవడం. ‘ఐటిస్’ అంటే వాపు. కోలెక్టమీ పెద్దపేగును తీసేస్తుంది, కోలాస్టమీ దాన్ని పొట్ట మీదికి తెరుస్తుంది. ఫోన్లో లైను గరగరలాడితే ఈ రెండూ ఒకటిగా వినపడతాయి. అంగాల తెలుగు పేర్లు కావాలంటే 1968లో పుట్టిన తెలుగు అకాడమీ ఇంటర్ జంతుశాస్త్రం పుస్తకం చాలు. పేషెంటు మాత్రం మూత్రపిండం, కాలేయం అనడు, కిడ్నీ, లివర్ అంటాడు. రెండు వరసలూ నోటికి రావాలి.

బాక్స్: ‘గ్యాసేలే’

ఛాతీలో బరువుగా ఉన్నా, పై కడుపు పట్టేసినా మన పెద్దవాళ్ల మొదటి మాట గ్యాస్. గుండె అడుగు గోడ ఉదరవితానం మీదే ఆని ఉంటుంది. గుండెపోటు కొన్నిసార్లు పై కడుపు నొప్పిగానే తెలుస్తుంది. ఇంటర్‌ప్రెటర్ ‘గ్యాస్’ని గ్యాస్‌గానే చేరవేస్తాడు. ఆ మాట మనవాళ్లు చాలా నొప్పులకు వాడతారని డాక్టరుకి చెప్పాలనిపిస్తే, అది తన మాట అని చెప్పి, ఆ సంగతి పేషెంటుకూ తెలుగులో వినిపించి చెప్పవచ్చు. చేత్తో చోటు చూపించమని అడగాలో లేదో ఆ తర్వాత డాక్టరు ఇష్టం.